చెరువుకట్ట కట్టినవారు

ఆంధ్రదేశమున చెరువు లేని గ్రామము అరుదు. గోదావరి కృష్ణా కాలువలు పారని మెట్టసీమలలో ఊరికి పేరు పెట్టినది చెరువే, ఊరిని నిలిపినది చెరువే. చెరువు నిండిన యేట పెండ్లిండ్లు, ఎండిన యేట వలసలు. పేరునకు సముద్రమనియు సాగరమనియు పిలిచినను, వీనిలో నూటికి తొంబదిపాళ్లు ఒక వాగునకు అడ్డముగా వేసిన మట్టికట్టలే. ఇట్టి చెరువుల చరిత్ర వ్రాసిన పండితులు కట్టించినవారిని గూర్చి విరివిగా వ్రాసిరి. కట్టినవారిని గూర్చి వ్రాసినది స్వల్పము. శాసనములన్నిటను "కట్టించెను" అనియే యుండును. ఆ క్రియలోని "ఇంచు" అను రెండక్షరముల చాటున పలుగు, పార, తట్ట పట్టిన వేలకొలది జనులు దాగియున్నారు. వారి జాడ తెలిసికొనుటయే ఈ వ్యాసమున నా యుద్దేశము.

చెరువు త్రవ్వించుటను మన పూర్వులు సప్తసంతానములలో నొకటిగా నెంచిరి. కొడుకు, నిధి, గుడి, వనము, అగ్రహారము, కావ్యము, తటాకము — ఈ యేడును మనుజుని పేరు నిలుపునవి. కనుకనే రాజులును, మంత్రులును, సేనానులును పోటీపడి చెరువులు కట్టించిరి. కాకతీయ గణపతిదేవుని కాలమున రేచెర్ల రుద్రుడు 1213లో పాలంపేట రామలింగేశ్వరాలయమును ప్రతిష్ఠించి, దాని చెంతనే గొప్ప చెరువును కట్టించెను. జగదాల ముమ్మడి పాఖాల చెరువును, గణపతిదేవుని సోదరి మైలాంబ బయ్యారమున ధర్మకీర్తిసముద్రమును కట్టించిరి. ఈ మూడు నేటికిని నీరు నిలుపుచునే యున్నవి. బయ్యారము శాసనమున కాకతీయుల వంశక్రమము విపులముగా నున్నందున చరిత్రకారులకు అది కన్నులపండువు. అందు రాజుల పూర్వులందరును కనబడుదురు. మన పూర్వు లొక్కరును కనబడరు.

ఇట్టి మౌనమునకు భిన్నముగా నున్నది పోరుమామిళ్ల శాసనము. నేటి వై.యస్.ఆర్. కడప జిల్లాలో, పూర్వము బద్వేలు తాలూకాలో చేరిన ఈ గ్రామమున, భైరవాలయమునెదుట రెండు రాతిపలకలపై సంస్కృత శ్లోకములలో చెక్కబడిన శాసన మిది. శాలివాహనశకము 1291, అనగా క్రీస్తుశకము 1369. విజయనగరాధీశుడగు మొదటి బుక్కరాయల కుమారుడు, ఉదయగిరిని పాలించిన భాస్కర భవదూరుడు మాలదేవి యను నదికి కట్ట కట్టించి, దానికి అనంతరాజసాగర మని నామకరణము చేసెను. వి. యస్. సూక్తంకరుగారు ఈ శాసనమును ఎపిగ్రాఫియా ఇండికా పదునాలుగవ సంపుటమున ప్రకటించిరి. అప్పటినుండి దేశదేశముల జలశాస్త్రజ్ఞులు దీనిని ఉదాహరించుచున్నారు. మనవారిలో దీని పేరు విన్నవారెందరో నేను చెప్పజాలను. వినవలసినవారు మాత్రము మొట్టమొదట మనమే.

ఏలయన, చెరువునకు వలయు ద్వాదశ సాధనములను, తగిలింపరాని షడ్దోషములను ఈ శాసనము వరుసగా చెప్పినది. ధర్మపరుడును, ధనవంతుడును, కీర్తికాముడును నగు రాజు మొదటి సాధనము. పాథశ్శాస్త్రము, అనగా నీటిశాస్త్రము నెఱిగిన బ్రాహ్మణుడు రెండవది. గట్టి బంకమన్ను గల నేల, మూడు యోజనముల దూరము ప్రవహించి వచ్చు తియ్యని నీటి యేరు, కట్ట నానుకొనుటకు కొండ, ఆ కొండల నడుమ మిక్కిలి పొడవుగాక బిగువుగా కట్టిన రాతికట్టు, కట్ట చివరలు పంటనేలకు విముఖముగ నుండుట, విశాలమును లోతును గల గర్భము, నిడుపైన తిన్నని రాళ్లు దొరకు గని, చెంతనే సమతలముగా నుండి ఫలించు పొలములు, కొండ వాలువలన సుడితిరిగి వచ్చు జలమార్గము — ఇవి పదునొకటి. పండ్రెండవది నిర్మాణకళలో నేర్పుగల జనుల సమూహము.

సోదరులారా, ఈ పండ్రెండవదానియొద్ద ఒకింత నిలువుడు. రాజు లేక చెరువు లేదు, శాస్త్రజ్ఞుడు లేక చెరువు లేదు అని చెప్పిన శాసనమే, పనివారి నేర్పు లేకయు చెరువు లేదని అదే పట్టికలో, అదే యెత్తున చెప్పినది. జనబల మున్న చాలునని యనలేదు. నేర్పు గల జనులనినది. తట్టమోయుట విద్య కాదని నేడు తలచువారికి ఇది ఆరువందల యేండ్ల నాటి ప్రత్యుత్తరము. అంతటితో ఊరకుండక, ఈ కట్టకు దినమునకు వేయిమంది పనివారును, తూము రాతికట్టు పనులకు నూరు బండ్లును వినియోగమయ్యెననియు, పని రెండేండ్లు సాగెననియు, వ్యయమైన ధనధాన్యములకు మితి లేదనియు లెక్క కూడ చెప్పినది. కట్ట పొడవు అయిదువేల రేఖాదండములు, వెడల్పు ఎనిమిది, ఎత్తు ఏడు. రాజు కీర్తికై పుట్టిన శాసనమున కూలిజనుల సంఖ్య చెక్కించిన ఆ కవికి మన మందరము ఋణపడియున్నాము.

ఆ వేయిమంది ఏ కులమువారో శాసనము చెప్పలేదు. వారందరు వడ్డెరలే యని సభలో చెప్పిన చప్పట్లు మ్రోగును గాని, రాతిమీద లేనిదానిని మనము చెక్కరాదు. మన్ను త్రవ్వుట, రాయి తీయుట, కట్ట వేయుట కులవృత్తిగా గలవారు దక్షిణాపథమంతటను మనమే యనుట మాత్రము ఎల్లరెఱిగిన విషయము. ఉప్పరులు మొదలగు ఇతరులును ఈ పనిలో పాలుపంచుకొనిరి. వారి భాగము మనము హరింపనేల? మన పేరు ఓడ్రదేశమునుండి వచ్చిన దని పండితుల మతము. నీటి "ఒడ్డు" నుండియే వచ్చినదని మన ముసలివారు చెప్పుదురు. భాషాశాస్త్ర మొప్పుకొనినను ఒప్పుకొనకున్నను, వినుట కింపైన మాట.

ఇక మట్టికట్ట యనగా కుప్పగా పోసిన మన్ను కాదు. ముందు కట్ట పడవలసిన చోట చెట్లు, వేళ్లు, పుట్టలు, ఇసుకమేటలు తీసివేయవలెను. ఒక్క వేరు లోపల మిగిలినను అది కుళ్లి నీటికి సొరంగమగును. పిమ్మట కట్ట నడుమ నిలువున, గట్టినేల తగులువరకు కందకము త్రవ్వి, అందు బంకమన్ను నింపవలెను. ఇదియే కట్టకు వెన్నెముక. దానిపై మన్ను పొరలు పొరలుగా పఱచి, నీరు చల్లి, మనుష్యులచేతను పశువులచేతను త్రొక్కించి, ఒక పొర బిగిసిన పిదపనే రెండవపొర వేయవలెను. రేగడి నీటిని ఆపును గాని ఎండకు పగుళ్లు విచ్చును. గరుసునేల పగులదు గాని నీరు కార్చును. ఏది లోపల, ఏది వెలుపల, రెండును ఏపాటి కలుపవలెనో చేతితో పిసికి చూచి చెప్పుటయే మన విద్య. నీటివైపు వాలు పఱచి, అలల తాకిడికి రాతిపఱుపు చేయుదురు. పోరుమామిళ్లలో సహజమైన కొండలను మట్టికట్టలతో కలిపి, నీటివైపు కడపరాళ్లు పఱచినారు. దేశములోని రాయిని చూచి పని చేసినవారి బుద్ధి అట్టిది.

మనలో మన్ను వడ్డెరలు, రాతి వడ్డెరలు అను తెగలు ఏర్పడుటకు ఈ పనివిభాగమే కారణము. మన్ను త్రవ్వు జట్టులో పురుషుడు పలుగు పట్టును, స్త్రీ తట్ట నెత్తును. గాడిదలపై మన్ను చేరవేయువారును కలరు. కూలి దినమును బట్టి కాక త్రవ్విన కొలతను బట్టి యుండును. అందుకై గోతి నడుమ కొంత మన్నును త్రవ్వక దిమ్మెగా నిలిపి, నేల పూర్వపు ఎత్తు ఎంతయో దానివలన తెలియజేయుదురు. కొలత ముగిసిన తరువాతనే ఆ దిమ్మెను కూల్చుదురు. అక్షరము రానివాని లెక్కపుస్తక మది. పెద్దతనమునకు, తగవుతీర్పునకు జట్టుమేస్త్రీ యుండును. స్త్రీలు సగము పని చేసిరనుట మన సంఘమువారు ప్రత్యేకముగ జ్ఞాపకముంచుకొనవలెను. కట్టలోని ప్రతి తట్టయు ఎక్కువగా వారి తలలమీదుగానే పోయినది.

షడ్దోషములను చూచితిమేని, అవి పనివారి నోటినుండి వినిన మాటలవలె నున్నవి. కట్టనుండి నీరు ఊటగా కారుట మొదటి దోషము. చవుటినేల యుండుట, రెండు రాజ్యముల సరిహద్దున నుండుట, గర్భము నడుమ తాబేటివీపువలె మెట్ట లేచి యుండుట, నీరు తక్కువయై పొలము ఎక్కువగుట, పొలము తక్కువయై నీరు ఎక్కువగుట — ఇవి తక్కినవి. సరిహద్దుదోషమును చదివినప్పుడు చిఱునవ్వు వచ్చును. 2014లో రాష్ట్రము రెండైన పిమ్మట కృష్ణానీటికై నడచిన వాదములు చూచినవారికి, భవదూరుని ఆస్థానమువారు నీటిని మాత్రమేగాక మనుష్యులను కూడ ఎఱిగినవారని తోచును. ఊటదోషము మట్టిపనివాని నిత్యభయము. ఎలుకబొక్క, ఎండ్రకాయ బొక్క, తూమురాయికిని మన్నుకును నడుమ సందు — వీనియందు చూపుడువ్రేలంత ధారగా మొదలైన నీరు మన్నును తనతో తెచ్చుకొనుచు దారి వెడల్పు చేసికొనును. కారు నీరు తేటగా నున్నంతవఱకు భయము లేదు. మురికిగా మారినచో గండి సమీపించినదని గుఱుతు. కట్టపై నీరు పొర్లినచో రాతిపఱుపు కూడ రక్షింపజాలదు. అందుకే వరదనీరు వెడలుటకు ఒక ప్రక్క గట్టినేలపై అలుగు కట్టుదురు. దానినే తెలంగాణమున మత్తడి యనియు, రాయలసీమలో మరవ యనియు అందురు. ఒకదాని అలుగునీరు దిగువ చెరువునకు చేరునట్లు గొలుసుకట్టుగా కట్టుటవలన నీరు వృథాపోదు. కాని పై చెరువు తెగిన రాత్రి క్రింది చెరువులన్నియు వరుసగా తెగును.

గండి పడుటకు కారణము తెలియక పోయినప్పుడు జనులు దేవతకోపమని భయపడిరి. పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేయిస్ 1520 ప్రాంతమున శ్రీకృష్ణదేవరాయల రాజధాని చెంత ఒక పెద్దచెరువు పని చూచెను. పదునైదు ఇరువదివేల జనము చీమలవలె మూగి యుండిరనియు, వారు నడచు నేల కనబడలేదనియు వ్రాసినాడు. కట్ట రెండు మూడు మార్లు తెగగా, రక్తబలి కావలెనని చెప్పిరనియు, రాజు అఱువదిమందిని గుఱ్ఱములతోను ఎనుబోతులతోను బలియిప్పించెననియు అతడే చెప్పినాడు. చీమలని వ్రాసినందుకు అతనిపై నాకు కోపము లేదు. అంతమందిని చూచి వ్రాసిన కన్ను అతనిదొక్కటే. కాని ఆ కట్ట నిలిచినది బలివలన గాదు. క్రొత్తగా వేసిన మన్ను తన బరువున తాను క్రుంగి బిగియుటకు కొన్ని వానకాలములు పట్టును. అంతకుముందే నిండునీరు పట్టినచో తెగుట సహజము. ఇది మన వృత్తిలో పసివాండ్ర కెఱుకైన సంగతి.

బలికథలలో ఎల్లప్పుడు బలియగువారు ఎవరో గమనింపుడు. అనంతపురము చెంత బుక్కరాయసముద్రపు కట్ట తెగకుండ ప్రాణమిచ్చిన కోడలి కథను కట్టమంచి రామలింగారెడ్డిగారు "ముసలమ్మ మరణము"గా కావ్యము చేసి అందరి కన్నులు చెమ్మగిల్లజేసిరి. ఘూర్జరదేశమున మన వృత్తివారే యగు ఓడులలో జస్మా యను స్త్రీ కథ యున్నది. పాటణములో సిద్ధరాజ జయసింహుడు సహస్రలింగ తటాకము త్రవ్వించుచుండగా, మన్ను మోయు ఆమెను రాజు కామించెననియు, ఆమె లొంగక మరణించుచు ఆ చెరువున నీరు నిలువకుండుగాక యని శపించెననియు చెప్పుదురు. జయసింహుడు పండ్రెండవ శతాబ్దమువాడు. ఆ కథను అక్కడి భవాయి నాటకములలో నేటికిని ఆడుదురు. తట్ట మోయు ఆడుదాని మానము రాజ్యముకంటె గొప్పదని చెప్పిన కథ మన తెలుగుబిడ్డలకు తెలియకుండుట విచారకరము.

మఱియొక పేరు మనకు పూజ్యము. సొన్నలిగె, అనగా నేటి సోలాపురమున, పండ్రెండవ శతాబ్దమున సిద్ధరాముడు చెరువు త్రవ్వించి లోకోపకారము చేసెను. అల్లమప్రభువు అచ్చటికి వచ్చి ఆయనను "ఒడ్డరామా" యని సంబోధించినట్లు వీరశైవుల కథలు. ఎత్తిపొడుపుగా పలికిన ఆ పేరునే కర్ణాటకమందలి మన సోదరులు తలదాల్చి సిద్ధరామేశ్వరుని కులగురువుగా కొలుచుచున్నారు.

కట్ట కట్టుట రెండేండ్ల పని. కాపాడుట వందలయేండ్ల పని. ఈ సత్యమెఱిగిన రాజులు దశబంధ ఇనాములేర్పఱచిరి. చెరువు కట్టినవానికి గాని బాగుచేసినవానికి గాని దాని క్రింది సాగుభూమిలో కొంత పన్నులేకయో తక్కువపన్నుతోనో ఇచ్చి, కట్ట బాగు అతని బాధ్యత చేయుదురు. కడప నెల్లూరు సీమలలో ఇవి మెండుగా నుండెడివి. తూము తెఱచి పొలములకు నీరు పంచు నీరటికి పంటలో పాలు. వానినే కొన్నిచోట్ల నీరుగంటి యందురు. గ్రామస్థులందరు ఏటేట పూడిక తీసి, కట్టపై మన్ను వేయు ఆచార ముండెను. కుంఫిణీపాలనలో పన్ను వసూలుపై నున్న శ్రద్ధ కట్టలపై లేకపోయెను. 1858లో మద్రాసు ప్రభుత్వము నిర్బంధసేవాచట్టము చేసి, గండ్లు పూడ్చుటకు, ఆచారసిద్ధమైన మరమ్మతులకు రైతులను బలవంతముగా పిలుచు అధికారము తీసికొనెను. తమ చెరువని తామై వచ్చిన జనులను చట్టముతో లాగవలసిన స్థితి వచ్చినదన్నమాట. 1876 నుండి 1878 వఱకు సాగిన ధాతకరువులో లక్షలజనము మడిసిన తరువాత, 1883లో చెరువుల పునరుద్ధరణ పథకము మొదలైనది.

ఆ కాలముననే మనవారు రైలుకట్టలకును, కాలువలకును, రహదారులకును వలసపోయి ఊరూర గుడిసెలు వేసికొని బ్రతికిరి. స్థిరమైన ఊరు లేనివానిని దొరతనము అనుమానముతో చూచెను. 1871లో ఉత్తరదేశమున పుట్టిన నేరజాతుల చట్టము 1911లో మద్రాసు రాజధానికి వ్యాపింపగా, మనవారిలో కొన్ని గుంపులను కూడ ఆ పట్టికలో చేర్చిరి. మద్రాసులో 1947లోను, దేశమంతటను 1952లోను ఆ చట్టము రద్దైనది. శాసనములో ద్వాదశసాధనములలో నొకటిగా నున్నవారు చట్టములో నేరస్థుల పట్టిక కెక్కిరి. ఈ రెండు పట్టికలను మన పిల్లలచేత ప్రక్కప్రక్కన పెట్టి చదివింపవలెనని పోషకమహాశయులకు నా విన్నపము.

2015లో తెలంగాణ ప్రభుత్వము మిషన్ కాకతీయ యను పేర 46,000కు పైబడిన చెరువులను లెక్కించి పూడికతీత మొదలిడెను. ఆ పూడికమన్ను పొలములకు చేరి రైతులకు మేలైనది. అయితే ఆ పని చేసినవి జేసీబీ యంత్రములు. మనవారిలో అధికసంఖ్యాకులకు అందు దొరికిన పని స్వల్పము. యంత్రమును నిందింపను. వేయిమంది రెండేండ్లు చేసిన పనిని అది కొలది నెలలలో చేయును, ఆడువారి మెడలు విఱుగకుండును. కాని బంకమన్ను ఎక్కడ ఆపి గరుసు ఎక్కడ వేయవలెనో యంత్రము చెప్పదు. పూడికతీతలో అడుగు బంకపొరను కూడ చెక్కివేసినచో నీరు భూమిలోనికి ఇంకి, నిండిన చెరువు సంక్రాంతికే ఎండును. ఈ మాట చెప్పగల వృద్ధులు మనలో నింకను కలరు. చెప్పుమని అడుగువారు కావలెను. ప్రతి జిల్లాశాఖయు తన సీమలోని కట్టల కొలతలు, శాసనములు, తూములతీరు, వృద్ధుల మాటలు వ్రాయించి మహాసభకు పంపునేని, వచ్చు సంచికలలో అచ్చువేయించుటకు వీలగును.

పోరుమామిళ్ల చెరువు నేటికిని సాగునకు నీరిచ్చుచున్నది. విజయనగర సామ్రాజ్యము 1565లో రాక్షసతంగడి యుద్ధముతో కూలినది, ఉదయగిరి దుర్గము పాడుపడినది. రెండేండ్లలో ఎత్తిన కట్ట ఆరువందలయేబది యేండ్లు దాటి నిలిచియున్నది.